కాళ్ళు కోసిన మంచం

ఏప్రిల్ 2, బుధవారం

ఈ వారంలో చూసిన రెండో ఇల్లు కూడా దండగే. ఫోన్‌లోనే రాసుకుంటున్నాను. పుస్తకంలో రాస్తే మా ఆయన చదివేస్తారు, చదివి నవ్వుతారు. షాపులో బేరాల్లేవు. ఈ ఎండలో పాత మంచాలు, పాత బీరువాలు కొనడానికి ఎవడొస్తాడు?

అయిదో అంతస్తు ఫ్లాటు. లిఫ్టు ఉందని బ్రోకరు ఊదరగొట్టాడు. పొద్దున తొమ్మిదింటికి రమ్మంటే నేను కావాలనే రెండింటికి వెళ్ళాను. నీడలో చూస్తే ప్రతి బీరువా కొత్తదే. ఇల్లూ అంతే. నెత్తిన స్లాబు, దాని మీద ఆకాశం, మధ్యలో ఇంకేమీ లేదు. గోడకు వీపు ఆనించి పది నిమిషాలు కూర్చున్నాను. బట్టలు పిండుకోవచ్చు.

"కరెంటు పోతే లిఫ్టుకు జనరేటర్ ఉందా?" అన్నాను.

"ఉంటుందండీ."

"ఉందా, ఉంటుందా?"

"వచ్చే ఏడాది పెడతారండీ."

మొదటి ఇల్లు రంగుల అద్దకం షెడ్డు వెనకాల. ఉదయం వెళితే గాలి అటు ఉంది, వాసనే లేదు. అనుమానం వచ్చి సాయంత్రం మళ్ళీ వెళ్ళాను. గాలి ఇటు తిరిగింది. కళ్ళలో నీళ్ళు. బ్రోకరు మాత్రం ఏమీ జరగనట్టు నిలబడ్డాడు. వాడికి ముక్కు లేదో, సిగ్గు లేదో.

మాకు కావలసింది పెద్దగా ఏమీ లేదు. మెట్లు లేని ఇల్లు. అంతే.

ఏప్రిల్ 5

అత్తయ్య తుంటి విరిగి పదకొండు నెలలైంది. ఆసుపత్రి నుంచి ఆంబులెన్స్ వాళ్ళు రెండో అంతస్తు దాకా మోసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టి వెళ్ళారు. అప్పటినుంచి ఆవిడ కాలు కింద వీధి నేల మీద పడలేదు. ఇంట్లో నడక కర్ర పట్టుకుని నడుస్తారు, బాల్కనీ దాకా. ముప్పైనాలుగు మెట్లు మాత్రం ఆవిడ వల్ల కాదు. ఈ షాపు పెట్టింది ఆవిడే. ముప్పై ఏళ్ళు ఊరంతా తిరిగి సరుకు కొన్న మనిషి. ఇప్పుడు బాల్కనీలోంచి ఎవరింట్లోంచి ఏ సోఫా వెళుతోందో చూసి నాకు ఫోన్ చేస్తారు. "ఆ పచ్చ సోఫా కొనకు, స్పాంజి పోయింది" అని. రెండో అంతస్తునుంచి!

ఏప్రిల్ 9

దొరికింది!!

వీధి చివర ఒంటరి ఇల్లు. నేల మీద. గేటు నుంచి బాత్రూమ్ దాకా ఒక్క మెట్టు లేదు, గడప కూడా లేదు. ఉన్నది ఒకావిడ, రిటైరైన టీచరు. పొడుగ్గా, నెమ్మదిగా మాట్లాడుతుంది. చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోందట. పెద్ద సామాను ఇంటితో పాటే వదిలేస్తానంది. ధర కూడా మాకు అందేదే. మామూలుగా అందాల్సిన దానికన్నా కాస్త తక్కువే, కానీ ఒంటరి ఆడది, తొందరలో ఉంది, ఉంటుందిలే.

అన్నీ చూశాను. తట్టి చూశాను. గోడలకు కొత్త రంగు, చెమ్మ వాసన లేదు. కరెంటు మీటరు నా తలకన్నా ఎత్తులో బిగించి ఉంది. ఎందుకలా అంటే "పిల్లలు ముట్టుకోకుండా" అంది. శ్రద్ధ ఉన్న మనిషి. ప్లగ్గులు కూడా అంతే, ఛాతీ ఎత్తున. అత్తయ్యకు వంగే పని ఉండదు. ఇక మంచం, బెంచీ, బల్ల అన్నీ కిందకి ఉన్నాయి, చక్కగా అందుబాటులో. మంచం మీద కూర్చుంటే నా పాదాలు పూర్తిగా నేలకు ఆనాయి. అత్తయ్య కోసమే చేయించినట్టుంది.

ఏప్రిల్ 10

నేను గుడ్డిగా కొనేదాన్ని కాదు. వీధంతా తిరిగాను. ఇస్త్రీ ఆవిడను అడిగాను, వానలకు నీళ్ళొస్తాయా అని. "నీళ్ళా? కుళాయిలోనే రావు" అని నవ్వింది. కిరాణా కొట్టతను "మీరెవరు, ఎందుకడుగుతున్నారు" అని ముందు నన్ను అడిగి, ఆ తర్వాత "అబ్బే" అన్నాడు. ఎదురింటాయన కూడా అబ్బే అన్నాడు. ముగ్గురూ ఒకటే మాట చెప్పారంటే నిజమే కదా.

అక్కడితో ఆగలేదు. మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళి ముంపు మ్యాపు చూపించమన్నాను. క్లర్కు ఇంత పొడుగు కాగితం విప్పాడు, నాలుగు మూలలా నాలుగు పేపర్‌వెయిట్లు పెట్టాడు, వేలు పెట్టి వెతికాడు.

"మీ వీధి ఇందులో లేదమ్మా."

"లేదంటే?"

"మ్యాపు గీసినప్పటికి ఆ వీధి పడలేదు. కాబట్టి ముంపు కూడా లేదు."

"వీధే లేకపోతే ముంపెక్కడ రాస్తారు సార్?"

"అదే నేనూ అంటున్నాను" అన్నాడు, గెలిచినట్టు.

సరే. లేదనే కదా అన్నాడు.

ఏప్రిల్ 11

ఆయన్ని తీసుకెళ్ళి చూపించాను. ఆయన బస్సు డ్రైవరు, ఇల్లు చూడమంటే ముందు రోడ్డు చూస్తారు. "బస్టాపు దగ్గరే" అన్నారు. అదే ఒప్పుకోవడం. నేను టీచరమ్మకు మాట ఇచ్చేశాను. మే అయిదున కాగితాలు రాసుకుందామనుకున్నాం.

ఇంకెవ్వరికీ చెప్పలేదు. బేరం కుదిరేదాకా ఏ సరుకు చూశామో, ఎక్కడ చూశామో నోరు విప్పకూడదు. ఇది అత్తయ్య నాకు మొదటి రోజు నేర్పిన పని. షాపులో మా వడ్రంగి బాబాయి నా చేతిలో టేపు చూసి "ఎక్కడి కొలతలు తల్లీ?" అంటే "ఒక కస్టమర్‌వి" అన్నాను. అతనితో పదేళ్ళుగా పనిచేస్తున్నాను, అయినా చెప్పలేదు. నోరు దురద పెట్టింది గానీ ఆపుకున్నాను.

ఏప్రిల్ 12

కర్టెన్లు. ముందు గదికి నీలం, అత్తయ్య గదికి పల్చటి పసుపు.

ఏప్రిల్ 14, సోమవారం

ఇక ఆగలేక అత్తయ్యకు చెప్పేశాను. మాట ఇచ్చేశాం కదా, బేరం కుదిరినట్టే. గేటు నుంచి మొదలుపెట్టి ఒక్కో గదీ చెబుతుంటే ఆవిడ కళ్ళు మూసుకుని విన్నారు, నడుస్తున్నట్టు. మధ్యలో "కిటికీ ఎటువైపు?" అన్నారు ఒకసారి. చెప్పాను.

"మంచం, బెంచీ కూడా మీకోసమే చేసినట్టున్నాయి అత్తయ్యా. కూర్చుంటే కాళ్ళు నేలకు ఆనుతాయి."

కళ్ళు తెరిచారు.

"ఎంత ఎత్తుంది?"

"నా మోకాలి కిందకి."

"తుంటి విరిగినదానికి అంత కిందున్న మంచం ఎందుకే? కూర్చుంటే లేవగలనా? డాక్టరు ఎత్తు మంచం కదా చెప్పాడు."

నిజమే. నాకు తట్టలేదు.

"బెంచీ?"

"అదీ కిందకే."

"బల్ల?"

"అదీ."

"ఆవిడ పొట్టిగా ఉంటుందా?"

"పొడుగే."

అత్తయ్య కర్ర తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. తర్వాత మామూలుగా, ఏదో ఉప్పు సరిపోయిందా అన్నట్టు అడిగారు. "కాళ్ళ అడుగు చూశావా?"

చూడలేదు. పదిహేడేళ్ళుగా పాత సామాను కొంటున్నాను. ఏ ఇంటికెళ్ళినా కుర్చీని తలకిందులు చేసి చూడనిదే మాట్లాడను. అక్కడ మాత్రం చూడలేదు. ఇల్లు చూడటానికి వెళ్ళాను గానీ సామాను కొనడానికి కాదు కదా. అదే అత్తయ్యతో అన్నాను.

"ఊ" అన్నారు.

ఏప్రిల్ 15

వెళ్ళలేదు. షాపులో పని.

ఏప్రిల్ 16

వెళ్ళలేదు.

ఏప్రిల్ 17

వెళ్ళాను. టీచరమ్మ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళినప్పుడు బెంచీని ఒక పక్కకు వాల్చాను. కాలి అడుగున రంపం కోత. దాని మీద తారు పూత, ఆ పైన టైరు ముక్క, రెండు మేకులు ఏటవాలుగా. ఊళ్ళో మా బాబాయి తప్ప ఇంకెవరూ అలా మేకులు ఏటవాలుగా కొట్టరు. నా షాపులో సగం సరుకు కింద అవే మేకులు.

మంచం కిందకు వంగి చూశాను. అవే.

టీ తాగి వచ్చేశాను. కర్టెన్ల గురించి మాట్లాడుకున్నాం.

అత్తయ్య అడిగారు. "బాగానే ఉన్నాయి అత్తయ్యా" అన్నాను.

ఏప్రిల్ 18

బాబాయి బీరువాకు గడియ బిగిస్తుంటే పక్కన కూర్చున్నాను.

"బాబాయ్, ఆ చివరి వీధి టీచరమ్మ ఇంట్లో మంచం కాళ్ళు నువ్వే కోశావా?"

"ఏ టీచరమ్మ? పొడుగావిడా? మూడుసార్లు వెళ్ళానుగా."

"మూడుసార్లా!"

"మొదట నాలుగంగుళాలు కోశాను. రెండేళ్ళకి మళ్ళీ రెండు. పోయిన వానల తర్వాత ఇంకో రెండు. ఇక కోయడానికి కాళ్ళెక్కడున్నాయి? ఈసారి నీళ్ళొస్తే మంచాన్ని గోడకు తగిలించుకోండి టీచరుగారూ అన్నాను. నవ్వింది పాపం. మంచి మనిషి. టీ ఇస్తుంది."

"నీళ్ళు ఎంతవరకు వస్తాయి?"

మోకాలి మీద చెయ్యి పెట్టి చూపించాడు. "ఇంతవరకూ వస్తాయి, ఒక రోజులో దిగిపోతాయి. అడుగున నాలుగంగుళాలు మాత్రం వారం రోజులు కదలవు. పక్కనే పాత చెరువు పూడ్చి కట్టారుగా ఆ వీధిని. నీళ్ళకు దారి తెలుసు, పోయే దారే మనం మూసేశాం. కాలు కుళ్ళేది ఆ వారంలోనే."

"మరి నాకెందుకు చెప్పలేదు బాబాయ్!"

"ఏం చెప్పాలి తల్లీ? పిలిచింది, వెళ్ళాను, కోశాను, వచ్చాను. నీకెందుకిప్పుడు?"

చెప్పాను. స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"నన్ను అడిగుంటే ఒక్క నిమిషంలో చెప్పేవాణ్ణి కదమ్మా. కస్టమర్ కొలతలు అన్నావు."

మున్సిపల్ ఆఫీసు దాకా వెళ్ళానుగానీ నా పక్క స్టూలు మీద కూర్చున్న మనిషిని అడగలేదు.

ఏప్రిల్ 20, ఆదివారం

ఆలోచించాను. మరీ అంత ఘోరమేమీ కాదు.

బాబాయి లెక్కన ఏడేళ్ళలో మూడుసార్లే కదా. అదీ ఒక్క రోజు. మంచం కింద రెండేసి ఇటుకలు పెడితే ఎత్తు వస్తుంది, అత్తయ్యకు ఎత్తు మంచమే కావాలి, రెండు పనులూ అవుతాయి. ప్లగ్గులు ఎత్తుగానే ఉన్నాయి. మీటరు ఎత్తుగానే ఉంది. ఇంటి పక్కనుంచి మేడ మీదకి ఇనప మెట్లు ఉన్నాయి, పధ్నాలుగు. నీళ్ళొస్తే ఆ పూటకు అత్తయ్యను మేడ మీద గదిలో కూర్చోబెడితే చాలు. వానలు పడతాయని ముందే ఫోన్‌లో చెబుతారు కూడా.

ఏ ఇంటికి ఏదో ఒకటి ఉంటుంది. ఒకదానికి వేడి, ఒకదానికి వాసన, ఒకదానికి నీళ్ళు. నీళ్ళు రోజూ రావుగా.

టేపుతో కొలిచాను. నేల నుంచి నా మోకాలికి పందొమ్మిది అంగుళాలు. అత్తయ్య నాకన్నా పొట్టి.

ఏప్రిల్ 22

టీచరమ్మను అడిగేద్దామని వెళ్ళాను. దారంతా గట్టిగా తిట్టాలని మాటలు పేర్చుకున్నాను. తలుపు తీసి "రండి, ఎండన పడి వచ్చారు" అంది. సగం మాటలు అక్కడే పోయాయి.

"మీ మంచం కాళ్ళు కోసింది మా వడ్రంగే" అన్నాను.

ఆవిడ వెంటనే కూర్చుంది. ఇన్నాళ్ళూ నిలబడి ఉన్నట్టు.

"అయితే తెలిసిందన్నమాట."

"మీరు చెప్పాలి కదండీ! నా ఇంట్లో కదల్లేని మనిషి ఉందని మొదటిరోజే చెప్పాను."

"చెప్పారు. ఆరోజే చెప్పేద్దామనుకున్నాను. మీరు గోడలు తట్టారు, ఇస్త్రీ ఆవిడను అడిగారు, కిరాణా అతన్ని అడిగారు, ఆఫీసుకెళ్ళి మ్యాపు కూడా చూశానన్నారు. నన్ను తప్ప అందర్నీ అడిగారు."

"మీటరు అంత ఎత్తునెందుకని అడిగానుగా?"

"పిల్లలు ముట్టుకోకుండా అన్నాను. ఈ ఇంట్లో ఎప్పుడూ పిల్లలు లేరమ్మా. ఇంకో ప్రశ్న అడుగుతారని చూశాను. మీరు మంచి పని చేశారన్నారు."

తలెత్తి మీటరు వైపు చూశాను.

"నేను కొన్నప్పుడు నాకూ ఎవరూ చెప్పలేదు" అంది. "ఈ వీధిలో ఎవరూ చెప్పరు. ఒకరు చెబితే అందరి ఇళ్ళూ పోతాయి. మొదటిసారి నీళ్ళొచ్చినప్పుడు ఎదురింటాయన వచ్చి సాయం చేశాడు. నా పుస్తకాలన్నీ ఆయనే మేడ మీద పెట్టాడు. నేను ఏడుస్తుంటే, ఎవరితో అనకండి టీచరుగారూ అన్నాడు." గ్లాసు నా వైపు జరిపింది. "తప్పే. నాకు తెలుసు. ఇంకో మాట అడగనా? మీ షాపులో మంచం అమ్మేటప్పుడు అది ఎవరింట్లో తడిసిందో చెబుతారా?"

టీ తాగకుండానే లేచాను. జవాబు చెప్పలేదు. ఇక్కడ కూడా రాయను.

ఏప్రిల్ 23

రాస్తాను. చెప్పను. తారు పూసేది అందుకే.

ఏప్రిల్ 25, శుక్రవారం

ఇల్లు ఇంకా వదల్లేదు నేను. గేటు నుంచి బాత్రూమ్ దాకా ఒక్క మెట్టు లేదు, అదే కళ్ళ ముందు కనబడుతోంది. ఆయనకు కూడా నిన్ననే అన్నీ చెప్పాను. "పధ్నాలుగు మెట్లేగా, ఎత్తుకెళ్ళిపోమా?" అన్నారు. సరే, మాటలెందుకు, చేసి చూద్దామన్నాను. మా షాపులో అటక మీదకి సరిగ్గా పధ్నాలుగు మెట్లు.

బాబాయి ఒళ్ళు అత్తయ్య ఒళ్ళంతే ఉంటుంది. కుర్చీలో కూర్చోమన్నాం. ముందు ఆయన, వెనక మా గూడ్స్ ఆటో డ్రైవరు. మూడో మెట్టు మీద కుర్చీ వెనక్కి వాలింది.

"ఒరేయ్ దించండ్రా! నాకు పెళ్ళాం పిల్లలున్నారు!"

"మీరు అత్తయ్యండీ, అరవకూడదు" అన్నాడు ఆటో అతను.

"మీ అత్తయ్యయితే ఈపాటికి చెంప పగలగొట్టేది!"

దించాం. బాబాయి తనే లేచి రెండు కర్రలు తెచ్చి కుర్చీకి రెండు వైపులా బిగించాడు, పాదాలకు అడ్డపట్టీ పెట్టాడు, నడుముకు బెల్టు కట్టాడు. మళ్ళీ ఎక్కించాం. ఈసారి బిందె మోసినట్టు నిటారుగా వెళ్ళింది. ఫోన్‌లో చూశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నాకు సంతోషం ఆగలేదు. అటక మీద కూర్చుని బాబాయి కింద ఉన్న నన్ను చూస్తూ అన్నాడు.

"వీడు బస్సు మీదుంటాడు. ఆటో అతను ఎక్కడో ఉంటాడు. నువ్వొక్కదానివే ఉన్నప్పుడు నీళ్ళొస్తే?"

"ఫోన్ చేస్తాను."

"వాన పడితే బస్సు వీధిలోకి రాదు తల్లీ."

వాన రోజుల్లో ఆయన డ్యూటీ ఎప్పుడు దిగుతారో నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. ఒక్కసారి నేనొక్కదాన్నే వెనకనుంచి కుర్చీ ఎత్తి చూశాను. ఖాళీ కుర్చీ. రెండో మెట్టు దాటలేదు.

ఏప్రిల్ 26

అత్తయ్యకు నిజం చెప్పాను. కాళ్ళు చూశానని, అబద్ధం చెప్పానని, మూడుసార్లు నీళ్ళొచ్చాయని. టీచరమ్మ మాటలు, బాబాయి మాటలు, కుర్చీ సంగతి, అన్నీ. ఆయన కూడా పక్కనే నిలబడ్డారు. తిడతారని చూశాను. కుర్చీ మాట దగ్గర నన్ను ఆపారు.

"ఎన్ని మెట్లు ఎక్కించారు?"

"పధ్నాలుగు అత్తయ్యా."

"ఎంతసేపు పట్టింది?"

"రెండు నిమిషాలు."

"బాబాయిని?"

"అవును. ఆయన, ఆటో అతను కలిసి."

ఆవిడ తలుపు వైపు చూశారు. తలుపు అవతల మా ముప్పైనాలుగు మెట్లు.

"అయితే ఇక్కడ అయిదు నిమిషాలు పడుతుంది" అన్నారు. "పదకొండు నెలల నుంచి నన్ను దించడానికి ఇల్లు వెతుకుతున్నారు. నన్ను దించొచ్చని ఎవరికీ తోచలేదా?"

ఆయన భుజం మీది తువ్వాలు తీసి మడత పెట్టారు. విప్పి మళ్ళీ మడత పెట్టారు.

నాకు తోచలేదు. నిజంగా తోచలేదు. మెట్లు అనగానే ఇల్లు మార్చాలి అనే అనుకున్నాను.

"మీరు కూడా అడగలేదు కదమ్మా" అన్నారు ఆయన, చివరికి.

"నాకూ తోచలేదురా" అన్నారు అత్తయ్య. "నేను సరుకు మోయించడమే తెలిసినదాన్ని."

ఏప్రిల్ 27

టీచరమ్మకు వద్దని చెప్పాను. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం ఇదే మొదటిసారి. ఆవిడ "ఊహించాను" అంది. ఇప్పుడొచ్చే వాళ్ళకు ముందే చెప్పమన్నాను. "చెబితే ఎవరు కొంటారు?" అంది. నాకు తెలియదన్నాను. చెల్లెలుండేది మూడో అంతస్తులో అట. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. ఆ సంగతి నేను అడగలేదు, తనే చెప్పింది.

ఏప్రిల్ 29

కొత్త జంట మంచం కోసం వచ్చారు. నచ్చింది. నేను దాన్ని తిరగేసి తారు పూసిన చోటు చూపించాను. ఇది నీళ్ళలో నానింది, నాలుగంగుళాలు కోశాం, పైనంతా గట్టిదే అన్నాను. బాబాయి సుత్తి పట్టుకుని అలాగే ఉండిపోయాడు, నా తలకేమైనా దెబ్బ తగిలిందేమో అన్నట్టు.

అమ్మాయి "ఏ వీధిలో తడిసిందండీ?" అని అడిగింది.

చెప్పాను.

వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అక్కడే ఇల్లు అద్దెకు చూస్తున్నామండీ" అన్నాడు అతను. మంచం కొనలేదు. థాంక్స్ చెప్పి వెళ్ళిపోయారు.

"ఇలాగైతే షాపు మూసుకోవచ్చు" అన్నాడు బాబాయి. తర్వాత కాసేపటికి, "మిగతావాటి మీద సుద్దతో రాసేద్దామా, ఎన్నంగుళాలు కోశామో?" అన్నాడు.

మే 4, ఆదివారం

దించాం!

ఆయన ముందు, ఆటో అతను వెనక, నేను పక్కన, బాబాయి కింద నిలబడి అందరికీ ఆర్డర్లు. మొదటి మలుపు దగ్గర అత్తయ్య రెయిలింగ్ పట్టుకుని వదల్లేదు. "అమ్మా, వదిలితేగానీ ముందుకు పోలేం" అన్నారు ఆయన. "నువ్వు బస్సు కూడా ఇలాగే తోలుతావా?" అన్నారావిడ. వదిలారు. ఆరు నిమిషాలు.

కింద కుర్చీలోంచి లేచి, కర్ర పట్టుకుని, నాలుగడుగులు రోడ్డు మీద వేశారు. చెప్పు తీసేసి ఒట్టి పాదం నేల మీద పెట్టారు. కాలుతుంది అత్తయ్యా అన్నాను. "కాలనీ" అన్నారు. వెంటనే తీసేశారు, నిజంగానే కాలింది.

షాపు దాకా తీసుకెళ్ళాం, ఆటో వెనకాల కుర్చీతో సహా. పచ్చ సోఫా చూశారు. వద్దన్నదే నేను కొన్నాను. వేలితో స్పాంజి నొక్కి నా వైపు చూశారు.

మే 6

ఆయన నడుం పట్టేసింది. మూడు రోజులు సెలవు పెట్టారు. మోయడం పద్ధతిగా నేర్చుకోవాలి. బాబాయి కర్రలు ఇంకో అడుగు పొడుగు పెంచుతానన్నాడు.

మే 9

వారానికి రెండుసార్లయితే మోయగలం. రోజూ అంటే కుదరదు. కాబట్టి ఇల్లు వెతకడం మానలేదు. మానను కూడా. కానీ ఇకనుంచి నేనొక్కదాన్నే వెళ్ళను. అత్తయ్య వస్తానన్నారు.

మే 11, ఆదివారం

బ్రోకరు కొత్త ఇల్లు చూపించాడు. ఇదీ నేల మీదే, ముందు ఒక్క మెట్టు. ఆయన, ఆటో అతను అత్తయ్యను కుర్చీతో దించి గేటు దగ్గర పెట్టారు. ఇంటి యజమాని హడావుడిగా వచ్చాడు. పోయిన నెలే రంగులు వేయించాం, గాలీ వెలుతురూ బాగుంటాయి, లోపలికి రండమ్మా, కిటికీలన్నీ తీసి చూపిస్తాను అంటూ ఊపిరి తిప్పుకోకుండా చెబుతున్నాడు.

నేను టేపు తీశాను. బ్యాగులో ప్రశ్నలు రాసుకున్న కాగితం కూడా ఉంది, పద్దెనిమిది ప్రశ్నలు.

అత్తయ్య చెయ్యి ఎత్తి నన్ను ఆపారు. గోడ వైపు గానీ, మీటరు వైపు గానీ చూడలేదు. ఆ పెద్దమనిషి మొహంలోకే చూస్తూ, పాత సరుకు కొనేటప్పుడు అడిగినట్టే అడిగారు.

"బాబూ, నీళ్ళు ఎంతవరకు వస్తాయి?"

"ఎప్పుడండీ, పోయినేడా?" అన్నాడతను.

బ్రోకరు కళ్ళు మూసుకున్నాడు.

అత్తయ్య కర్రల మీద చేతులు సర్దుకుని కూర్చున్నారు.

"ఎత్తరా" అన్నారు ఆయనతో.